మయూరశిఖ పూలు ఏమయ్యాయి?

ఒకప్పుడు చుంచమ్మకు ఒక మంచి గుణం ఉండేది. తన ముక్కును తానే పొగుడుకునేది. పాపం, ఆ శ్రమ ఇంకొకరికి ఎందుకని!

ఎలుకకంటే చిన్న చుంచు అది. కొండ మొత్తానికి చుంచుల కుటుంబం దానిదొక్కటే. అదీ, దాని నాలుగు పసికూనలూ. మయూరశిఖ మొక్కలు మాత్రం కొండంతా పరుచుకుని ఉండేవి. నెమలిపింఛంలాంటి ఆకులు, వాటి నడుమ ఘుమఘుమలాడే తెల్లని పూలు.

"అక్కా, నా ముక్కుకు తగిన చోటు నీ పక్కనే" అనేది చుంచమ్మ, బండ పగులులో పెరిగిన మయూరశిఖతో.

"నీ ముక్కు మురిపెం చాల్లేవే. పిల్లల్ని చూసుకో" అనేది మయూరశిఖ.

ఏటా పోడు సాగుకు కొండమీది పొదలకు నిప్పు పెట్టేముందు, కొండకింది ఊరి గంగులు తాత డప్పు కొట్టేవాడు. "ప్రాణమున్నవాళ్లంతా తప్పుకోండర్రా!" అని మూడుసార్లు కేకేసేవాడు. కుందేళ్లూ ఉడుతలూ వాగు దాటేసేవి.

ఆ ఏడూ డప్పు మోగింది. చుంచమ్మ కదల్లేదు.

"పోవే చెల్లీ!"

"తొందరేముందక్కా? మూడు కొండల అవతల పొగ లేచినా నా ముక్కు పట్టేస్తుంది."

ముక్కు నిండా పూల వాసనే. పొగ పక్కకొచ్చినా తెలియలేదు. తెలిసేసరికి వాగు దారంతా మంటలు.

"అక్కా, నా పిల్లలు!"

మయూరశిఖ ఆకులు పక్కకు జరిపి బండ పగులు చూపింది.

"ఒకరి తోక ఒకరు పట్టుకుని పగుల్లోకి దూరండి. వేళ్లలోని తడంతా ఆకులకు తెచ్చి మిమ్మల్ని కప్పుతాను."

"మరి నీ పూలు?"

"ఉన్న తడి కొంచెమేనమ్మా. పూలకో, పిల్లలకో, ఒకరికే సరిపోతుంది."

మయూరశిఖ పిడికిలిలా ముడుచుకుంది. మంట మీదుగా పోయింది. కొండమీది మిగతా మయూరశిఖలన్నీ బూడిదయ్యాయి. దీని పూలు కూడా మాడి, పొడిగా రాలి, ఆకుల అడుగున అంటుకున్నాయి.

మూడోనాడు వాన పడింది. పిడికిలి మెల్లగా విచ్చుకుంది. లోపలినుంచి అయిదు ముక్కులు బయటికొచ్చాయి.

అప్పటినుంచే మయూరశిఖ పూయదు. ఎక్కడో ఒకచోట, రాతి పగుల్లో కనిపిస్తుంది. ఎండకు ముడుచుకుంటుంది, వానకు విచ్చుకుంటుంది. ఆకు తిప్పి చూస్తే గోధుమరంగు పొడి ఉంటుంది.

చుంచులేమో ఇంటింటా ఉన్నాయి. పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టుకుంటాయి. తల్లి గోడవారనే ముక్కు ఆడిస్తూ, ఆ పూల వాసన కోసం వెతుకుతుంది.

అక్క ఎదురైతే ఏమనాలో మాత్రం దానికి ఇప్పటికీ తెలియదు. కిచకిచమంటుంది, అంతే.