పొన్నంకి పిట్టకు దొరకని పగవాడు

మబ్బుకొండ అడవిలో ఆ ఏడు తొలకరి పడిన దగ్గర్నుంచీ ఎవరికీ కాలు నిలవడం లేదు. తెల్లారేసరికి ఘాట్ రోడ్డు మీద జీపొకటి మూలుగుతూ ఎక్కేది. అందులోంచి భూషణం అనే గైడు దిగేవాడు. అతని వెనకాల ఆకుపచ్చ బట్టలు వేసుకున్న నలుగురైదుగురు పట్నం మనుషులు, ఒక్కొక్కరి మెడలో మూరెడు పొడుగు కెమెరా. రంగురంగుల పిట్టల్ని ఫోటోలు తీసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. చెట్ల మధ్య ఆకుపచ్చ గుడ్డ తెర కట్టుకుని దాని వెనక నక్కి కూర్చునేవాళ్ళు. వాళ్ళు గుసగుసలాడినా అడవికి అరిచినట్టే ఉండేది. లకుముకి పిట్ట చేప మీదికి దూకబోయి ఆగిపోయేది. ఉడత కొమ్మ మీద నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేది.

అందరికన్నా కుదురు తప్పినవాడు వన్నెయ్య. వన్నెయ్య పొన్నంకి పిట్ట. ఆకుపచ్చ వీపు, పసుపు కలిసిన గోధుమరంగు రొమ్ము, భుజం మీద నీలం, కడుపు కింద ఎరుపు, కళ్ళకు అడ్డంగా కాటుక గీత. తోక మాత్రం పొట్టి. వానలతో పాటు దక్షిణం నుంచి ఎగిరొచ్చి, భార్య సింగారితో కలిసి వెదురు పొద అడుగున ఎండుటాకులతో బంతిలాంటి గూడు కట్టాడు. గూట్లో నాలుగు గుడ్లు. ఒకరు పొదుగుతుంటే ఒకరు వానపాముల కోసం వెళ్ళాలి. గుడ్లు చల్లబడితే అంతే సంగతులు.

ఒక ఉదయం వన్నెయ్య పొదుగుతుండగా వాగు వైపు నుంచి కూత వినిపించింది. "వీ... ట్యూ! వీ... ట్యూ!"

అది పొన్నంకి పిట్ట కూతే. అందులోనూ మగపిట్ట కూత. "ఈ చోటు నాది, దమ్ముంటే రా" అనే కూత.

వన్నెయ్య ఒళ్ళు మండిపోయింది. గుడ్లు వదిలేసి ఆకుల మీద గెంతుకుంటూ వాగు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఎవడూ లేడు. రొమ్ము విరుచుకుని కూశాడు. మళ్ళీ అదే కూత, పక్కనే ఎక్కడో. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. తెర వెనక నుంచి టకటకా టకటకా చప్పుడు మాత్రం వినిపించింది. ఎంతసేపు వెతికినా పగవాడి ఈక కూడా కనబడలేదు.

తిరిగొచ్చేసరికి సింగారి గూటి ముందు నిలబడి ఉంది.

"గుడ్లు వదిలేసి ఎక్కడికెళ్ళావు?"

"ఎవడో వచ్చాడు. మన చోటు లాక్కోవాలని చూస్తున్నాడు."

"వాడిని చూశావా?"

"చూడలేదు. దాక్కున్నాడు పిరికివెధవ."

"ముట్టుకుని చూడు, ఈ చివరి గుడ్డు ఎంత చల్లగా ఉందో!"

మర్నాడు కూడా అదే కూత, ఆ తర్వాతి రోజూ అంతే. రోజుకు నాలుగైదుసార్లు వన్నెయ్య గూడు వదిలి ఉరికేవాడు, ఉత్త ముక్కుతో తిరిగొచ్చేవాడు. తిండి తగ్గిపోయింది. కూత లేనప్పుడు కూడా చెవులు అటే ఉండేవి. ఆకు కదిలితే ఉలిక్కిపడేవాడు. సింగారి పలకరిస్తే కసురుకునేవాడు. రాత్రిళ్ళు కూడా ఒక రెక్క విప్పుకునే పడుకునేవాడు.

ఇదంతా డొంకయ్య అనే నక్క కనిపెట్టింది. డొంకయ్య రోజూ జీపు చుట్టూ తిరుగుతూ, పట్నం వాళ్ళు పడేసిన పూరీ ముక్కలూ బిస్కెట్లూ తినేది. దానికి మనుషుల భయం ఎప్పుడో పోయింది. భూషణం నోటితో ఈల వేసి పిట్టల్ని రప్పిస్తున్నాడని దాని లెక్క. పిట్ట గూడు వదిలి వస్తోందంటే గూట్లో గుడ్లున్నట్టే. మరి ఆ గూడెక్కడ?

ఒక సాయంత్రం వన్నెయ్య ఒంటరిగా ఆకులు తిరగేస్తుంటే డొంకయ్య దూరంగా కూర్చుని నిట్టూర్చింది.

"అల్లుడూ, చిక్కిపోయావయ్యా. నిన్ను చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది."

"దూరంగా ఉండి మాట్లాడు మామా."

"ఉంటాను. దూరంగానే ఉంటాను. కానీ చెప్పకుండా ఉండలేను. వాడిని నేను చూశాను."

వన్నెయ్య గిరుక్కున తిరిగాడు. "చూశావా? ఎలా ఉన్నాడు?"

"అవతలి కొండవాడు. నీకంటే కాస్త పొడగరి. రంగు కూడా..." డొంకయ్య ఆగింది. "వద్దులే, నువ్వు బాధపడతావు."

"చెప్పు మామా!"

"రంగు నీకంటే మెరుపే. ఆ మనుషులు వాడి ఫోటోలే తీస్తున్నారు. నిన్న తుమ్మెదలతో అంటున్నాడు, వన్నెయ్యను వారంలో ఈ కొండ దింపేస్తానని."

వన్నెయ్య కాళ్ళు నేల మీద ఆగలేదు. "రేపు వాడి కళ్ళు పొడిచేస్తాను!"

"ఒక్కడివీ ఎలా పట్టుకుంటావు? నువ్వు ఇటు నుంచి వస్తే వాడు అటు నుంచి జారుకుంటాడు. అమ్మాయిని కూడా తీసుకెళ్ళు. చెరోవైపు నుంచీ వెళ్తే దొరికిపోతాడు."

"మరి గుడ్లో?"

"నేను లేనా? ముసలాణ్ణి, పళ్ళు కదిలిపోయాయి, పూరీలు మెత్తగా ఉంటాయని అవే తింటున్నాను. కాసేపు కాపలా కూర్చుంటాను. అవునూ, గూడు ఎటువైపు? తెలియకపోతే ఎక్కడని కూర్చోను?"

"నల్లబండ పక్కన వెదురు పొద" అనేశాడు వన్నెయ్య. అనేసి, రేపటి యుద్ధం తలుచుకుంటూ ఎగిరిపోయాడు.

గూటికొచ్చి అతను ఆ సంగతి చెప్పగానే సింగారి గూట్లోంచి బయటికి దూకింది. "నక్కకు గూడు చూపించావా? నీకేమైనా మతిపోయిందా?"

"చూపించలేదు, చెప్పానంతే. మామ మంచివాడు. వాణ్ణి చూశాడట కూడా."

సింగారి అతన్ని గుడ్ల మీద కూర్చోబెట్టి, పొద్దు వాలకముందే కాటుకమ్మ దగ్గరికి ఎగిరింది. కాటుకమ్మ ఏట్రింత. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, రెండుగా చీలిన తోక. డేగనైనా నక్కనైనా నెత్తి మీద పొడిచి తరిమే మొండిది. అందుకే ఏ నక్కా పిట్ట ఉన్న గూటి జోలికి పోయేది కాదు, ఆ పిట్ట అరుపుకు కాటుకమ్మ వచ్చి పడుతుందని. పైగా అడవిలో ఏ పిట్ట కూతనైనా అచ్చంగా అనుకరించేది. కానీ పొద్దున పూట మాత్రం మనుషుల అలికిడికి లేచే పురుగుల కోసం వాగు దగ్గరే ఉండేది.

అంతా విని కాటుకమ్మ అంది, "పిల్లా, ఆ కూత నేనూ వింటున్నాను. అది పిట్ట కాదు."

"మరేమిటత్తా?"

"నేను పుట్టినప్పట్నుంచీ దొంగకూతలే కూస్తున్నాను, నాకు తెలీదా? ప్రాణమున్న పిట్ట ఒక కూత కూసినట్టు ఇంకోటి కూయదు. ఒకసారి ఊపిరి తక్కువవుతుంది, ఒకసారి కోపం ఎక్కువవుతుంది. ఈ కూత రోజూ ఒకేలా ఉంది. నాలుగు కూతల తర్వాత ఎవరో మనిషి దగ్గు కూడా ఉంది. ప్రతిసారీ అక్కడే దగ్గుతాడు. ఆ గైడు తెల్లారగానే ఒరిగిన చెట్టు వేర్ల కింద నల్లడబ్బా ఒకటి పెట్టి, ఆకులు కప్పి పోతాడు. కూత ఆ డబ్బాలోంచే వస్తుంది. నేను పైకొమ్మ నుంచి రోజూ చూస్తున్నాను. ఆ వేళకి మీ నక్క జీపు దగ్గర పూరీలు నాకుతుంటుంది. దానికీ తెలీదు."

సింగారికి ఒక ఉపాయం తట్టింది. నేరుగా డొంకయ్య దగ్గరికి వెళ్ళి, అందనంత ఎత్తులో కొమ్మ మీద వాలింది.

"బాబాయ్, రేపు కాపలా ఉంటానన్నావట. నీ మేలు మరిచిపోలేను. కానీ ఆయన నీకు తప్పు చెప్పాడు."

"తప్పా?" డొంకయ్య చెవులు నిక్కబొడుచుకుంది.

"వెదురు పొదలో గూడు కట్టాం కానీ చీమలు పట్టాయని వదిలేశాం. గుడ్లు పెట్టింది వాగు పక్కన ఒరిగిన చెట్టు వేర్ల కింద. ఆయనకు ఈ గొడవలో తన గూడేదో కూడా గుర్తుండటం లేదు."

"అయ్యో పాపం!"

"మనుషులకు కాస్త దగ్గరే. నీకు భయమైతే వద్దులే బాబాయ్."

"నాకు మనుషులంటే భయమా? వాళ్ళ చేతి తిండి తింటున్నవాణ్ణి!"

"అయితే కూత మొదలవగానే రా. పైన ఆకులు కప్పి వెళ్తాను."

తెల్లారింది. జీపు వచ్చింది. భూషణం వేర్ల కింద డబ్బా పెట్టి ఆకులు కప్పి, తెర వెనక్కి పోయాడు. సింగారి గూట్లో గుడ్ల మీద ఉంది. వన్నెయ్య గూటి ముందు కూర్చున్నాడు. కాటుకమ్మ చెప్పిందంతా అతనికి తెలుసు. నమ్మాడు కూడా.

"వీ... ట్యూ!"

తెలిసినా, నమ్మినా, అతని కాళ్ళు మాత్రం వినలేదు. రెండు గెంతులు గెంతాడు.

"ఏమయ్యా" అంది సింగారి లోపల్నుంచి.

ఆగాడు. మళ్ళీ కూత. గోళ్ళతో మట్టి పట్టుకున్నాడు. నాలుగో కూత తర్వాత దగ్గు వినిపించింది. ఇన్నాళ్ళూ వందసార్లు తన చెవిన పడి కూడా తను వినని దగ్గు. వన్నెయ్యకు సిగ్గుతో మెడ వాలిపోయింది. అయినా కూత వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు ఉలిక్కిపడుతూనే ఉంది. పళ్ళబిగువున అంటారే, అలా ముక్కు బిగించుకుని కూర్చున్నాడు.

వాగు దగ్గర డొంకయ్య చెట్టు వెనక నుంచి పాకుతూ వచ్చింది. ఆకుల కింద నుంచి కూత వినబడింది. 'ఆహా, పిట్ట కూడా ఇక్కడే ఉంది. గుడ్లతో పాటు మాంసం!' అనుకుంది. కాటుకమ్మ వచ్చేలోపే పని ముగించాలని, నోరు బార్లా తెరిచి ఆకుల మీద పడి కసిగా కొరికింది.

ఠప్పుమని ముందుపన్ను ఊడింది. డబ్బాకున్న తాడు కింది దవడ కోరలకు చిక్కుకుంది. ఎంత విదిలించినా ఊడలేదు. దాని నోట్లోంచి "వీ... ట్యూ!" అని గట్టిగా కూత.

"ఒరేయ్, నక్కరోయ్! నా డబ్బా!" అంటూ భూషణం కర్ర విసిరాడు. పట్నం వాళ్ళు తెర మీద పడి తెరతో సహా దొర్లారు. డొంకయ్య గొంతు దాకా కూత పెట్టుకుని అడవిలోకి పరిగెత్తింది. ఎటు వెళ్తే అటు "వీ... ట్యూ!" అవతలి కొండ పొన్నంకి పిట్టలు, తమ చోటుకు ఎవడో వచ్చాడని గుంపుగా వచ్చి పొడిచాయి. పైనుంచి కాటుకమ్మ ఊరికే ఉంటుందా? నెత్తి మీద నాలుగు గాట్లు పెట్టింది. కుందేళ్ళు, అడవికోళ్ళు నక్క రాకముందే కూత విని పారిపోయేవి. డబ్బా నోరు మూతపడటానికి రెండు రోజులు పట్టింది, తాడు తెగడానికి మరో రెండు. అప్పటికి డొంకయ్య ఎముకల గూడై, ఎవరి కంటా పడకుండా కొండ దిగిపోయింది.

డబ్బా లేక భూషణం మిగతా వాననాళ్ళు తన మనుషుల్ని గూళ్ళకు దూరంగా, వాగు ఒడ్డున నడిపించి, దొరికిన పిట్టల్నే చూపించాడు.

పది రోజులకు గుడ్లు చిట్లాయి. మూడు పిల్లలు బయటికి వచ్చాయి. నాలుగో గుడ్డు కదల్లేదు. వన్నెయ్య ఇంకో రెండు రోజులు దాన్ని పొదిగాడు, సింగారి వద్దనలేదు. మూడో నాడు ముక్కుతో మెల్లగా దాన్ని గూటి బయటికి దొర్లించి, పిల్లల కోసం వానపాములు వెతకడానికి వెళ్ళాడు.

కంటికి కనబడని పగవాడి వెంట పరిగెత్తేవాడు, మొదట పోగొట్టుకునేది తన గూటి వెచ్చదనాన్నే.