దివానుగారి ప్రాణస్నేహితుడు

మొగలిదిబ్బ సంస్థానంలో అనపోతరాజుకి ఓ ఉదయం కొత్త పిచ్చి పట్టింది. దానికి కారణం కొలువుకొచ్చిన వలందా దొర, అంటే డచ్చివాడు.

తమ జాతుల పాత భాషలో ప్రేమ, స్వేచ్ఛ, స్నేహం ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని ఆ దొర చెప్పాడు. తాము ప్రేమించే సొంతవాళ్ళే స్వతంత్రులట, ప్రేమించేవాడే స్నేహితుడట. ఆ ప్రేమకి బయట ఉన్నవాడు బానిస.

"మాటల్లో సరే. మనుషుల్లోనూ ఆ మూడూ ఒకటేనని చూపినవాళ్ళకి ఈ బంగారు కంకణం" అన్నాడు రాజు.

దివాను వల్లభామాత్యుడు ఎగిరి లేచాడు. పొగడ్త ఎక్కడ రాలినా ముందుగా దోసిలి పట్టే రకం. తన గొడుగు మోసే ఎర్రపోతుని ముందుకి లాగాడు.

"మహాప్రభూ! వీడు యుద్ధంలో చిక్కిన బానిస. అయినా నాకు కన్నకొడుకు. ప్రాణస్నేహితుడు!"

ఎర్రపోతు వీపు మీద కొరడా వాతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

రాజుకి ఆకువక్క అందించే పోలమ్మ పళ్ళు కొరికింది. ఎర్రపోతు ఆమె తమ్ముడు. వాణ్ణి విడిచిపెట్టమని తొమ్మిదేళ్ళుగా కాళ్ళు పట్టుకుంటుంటే, "కుక్కని విప్పితే ఊరు పాడు" అని ఇకిలించాడు ఈ ప్రేమమూర్తి!

ఆ కొలువులో ఓ కట్టుబాటుంది. రాజు ఎదుట యజమాని చేతి తాంబూలం అందుకున్నవాడు ఇక బానిస కాడు.

పోలమ్మ వెండి పళ్ళెం దివాను ముందు పెట్టింది.

"ప్రాణస్నేహితుణ్ణి ఉత్త చేతులతో నిలబెడతారా బాబయ్యా? తాంబూలం ఇవ్వండి."

దివాను పళ్ళెం పక్కకి జరిపాడు. "ఇంటికెళ్ళాక ఇస్తాలేవే."

"ప్రేమేమో కొలువులోనూ, ఆకేమో ఇంట్లోనూనా?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏం దివానూ? నా ఎదుటే బొంకావా?"

బొంకితే పదవి ఊడుతుంది. దివాను ఆకులు అందించాడు. ఎర్రపోతు చటుక్కున నోట్లో వేసుకున్నాడు.

అయినా దివానుకి సిగ్గుండాలిగా! చెమట తుడుచుకుని, "మూడూ చూపించాను ప్రభూ, కంకణం..." అంటూ చెయ్యి చాచాడు.

పోలమ్మ అడ్డుతగిలింది.

"ఒకే వేరువైతే మూడూ కలిసి మొలవాలి ప్రభూ! ఈయన నోట ప్రేమా స్నేహమూ గలగలా రాలాయి. స్వేచ్ఛని మాత్రం నేను పట్టకారుతో పీకాల్సొచ్చింది!"

కొలువంతా గొల్లుమంది. రాజు కంకణం తీసి పోలమ్మ చేతికి తొడిగాడు. దుబాసీ చెప్పేదాకా ఆగిన వలందా దొర, అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వాడు.