పొడి మీద గీకిన పడవ

ఈ కథ నేను రేవులో చెబుతున్న రోజున, పోటు రావలసిన సముద్రం వినడానికి ఆగిపోయింది. కాబట్టి కాస్త స్థిమితంగా కూర్చోండి.

మడ అడవి అంచున నూకాలు అనే నీటికుక్కకీ, గవరయ్య అనే నక్కకీ చెరో చిన్న పడవ ఉండేది. వేసవంతా ఒడ్డున బోర్లించి ఉంచేసరికి అడుగున పట్టిన పాచీ, గుల్లలూ ఎండి రాయైపోయాయి. ఎంత గట్టివంటే, వాటిమీద పడిన పిడుగు నడుం పట్టేసి కుంటుకుంటూ వెనక్కి పోయింది. నేను కళ్ళారా చూశాను.

గుల్లలు తియ్యకుండా దింపితే పడవ సాగదు. ఆ రేవు కట్టుబాటు ఏమిటంటే, దీవి పక్క చేపల మడుగులో ఎవరి వల ముందు పడితే ఆ యేడంతా ఆ చోటు వాళ్ళది. నూకాలుకి నలుగురు పిల్లలు. నిరుడు ఆ చోటు నక్క పాలై, పిల్లలు పీతకాళ్ళు చీకి బతికారు.

గుల్లలు గీకే ఇనుప ఉలి రేవు మొత్తానికి ఒక్కటే, అది నూకాలు దగ్గరుంది. తెల్లారేసరికి గవరయ్య ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఉలి ఓసారి ఇస్తావా? పూటలో తెచ్చేస్తాను."

"నిరుడు నా బుట్ట కూడా పూటకనే పట్టుకెళ్ళావు మరిదీ."

"అది దానంతటదే చిరిగిపోయింది. నేనేం చెయ్యను?"

నూకాలు ఉలి తెచ్చి చేతిలో పెట్టింది. "పొడి మీద మాత్రం గీకకు. రెండ్రోజులు తడిగోనెలు కప్పి నానబెట్టు. లేదంటే గుల్లతోపాటు, నీళ్ళు రాకుండా పలకల సందుల్లో కూరిన పీచు కూడా ఊడొస్తుంది."

నక్క దారిపొడుగునా నవ్వుకున్నాడు. తనని రెండ్రోజులు కూర్చోబెట్టి నూకాలు ముందు పోదామని చూస్తోందని, పాపం, అనుకున్నాడు. మరి ఉలి ఎందుకిచ్చిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు ఈ కథే మిగిలేది కాదు.

అతను గీకుతుంటే లేచిన పొడి మూడు ఊళ్ళకు మబ్బు పట్టించింది. అటు నూకాలు పడవ మీద గోనెలు పరిచి, కుండతో నీళ్ళు పోస్తూ కూర్చుంది.

"పడవకి జ్వరమా వదినా, తడిగుడ్డ వేశావు?"

"నీ పడవ సందుల్లో పీచు లేస్తోంది, చూసుకో."

"నా కళ్ళు బాగానే ఉన్నాయిలే."

ఒక్క పూట పని అనుకున్నది మూడోరోజు తెల్లారేదాకా సాగింది. గవరయ్య చేతులు బొబ్బలెక్కాయి, అయినా ముందుగా పడవ దింపింది అతనే. అప్పుడు నూకాలు గోనెలు తీసి, కొబ్బరిమట్టతో నెట్టింది. నానిన గుల్లలు పెచ్చులు పెచ్చులుగా జారిపోయాయి. పొద్దెక్కేలోగా తనూ బయలుదేరింది.

సగం దారిలో నక్క కుండతో నీళ్ళు తోడుతూ కనిపించాడు.

"ఏమైంది మరిదీ?"

"ఏం లేదు, అడుగున కాసిని నీళ్ళొచ్చాయి. నువ్వెళ్ళు."

ఆ మాట పూర్తయ్యేలోగా మెడదాకా మునిగాడు. నూకాలు అతని జుట్టు పట్టి తన పడవలోకి లాగింది.

గవరయ్య ఒళ్ళు దులుపుకుని అడిగాడు, "నానబెట్టమన్నది నిజంగానే చెప్పావా?"

"నిజంగానే చెప్పాను."

"నేను మునిగితే నీకే మంచిది కదా?"

"మంచి పడవ పాడైపోతుంటే నేను చూడలేను."

ఎన్నో ఎత్తులు తెలిసిన గవరయ్య తెడ్డు అందుకున్నాడు. మడుగు దగ్గర నూకాలు వల విసిరింది. అతను వల తాడు పట్టుకున్నాడు.

మోసంతో బతికేవాడికి ఎదుటివాళ్ళ మంచిమాట కూడా మోసంలాగే వినిపిస్తుంది.