గెడమ్మ తల్లికి రెండు కూతలు

భక్తులకు ముందుగా ఒక మనవి. గెడమ్మపాలెంలో గోపురం కోసం వెతకవద్దు, లేదు. మెయిన్‌రోడ్డు మీద కనిపించే సిమెంటు ముఖద్వారం, ఏనుగు బొమ్మలు, రంగుల బల్బులు అన్నీ పక్క ఊరి గుడివి. చాలామంది అక్కడే బస్సు దిగి, అక్కడే కొబ్బరికాయ కొట్టి, మా అమ్మవారిని చూశామనుకుని వెళ్ళిపోతున్నారు. ఇది కాదు బాబూ, ముందుకెళ్ళండి అని ఆ గుడివారు ఒక్కమాట చెప్పరు. పోనివ్వండి. ఆ ద్వారం దాటి రెండు మైళ్ళు ఉప్పుమళ్ళ గట్టు మీద నడిస్తే, చివర రేకుల పందిరి కింద నడుమెత్తు నల్లరాయి, దాని పక్కన పసుపు పూసిన మడచెట్టు కర్ర గెడ కనిపిస్తాయి. ఆ రాయే మా గెడమ్మ తల్లి. నేను తల్లిని కొలిచే ఓలేటి వారింటికి ఐదో తరం కోడలిని, అమ్మవారికి దీపం పెట్టేదాన్ని. మా ఇంట్లో చెప్పుకునే కథను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ నేలన్నది లేదు. ఇప్పుడు పందిరి ఉన్న చోటు అప్పట్లో నడి అఖాతం. పొగఓడలు తిరిగే కాలమది. లోతు చాలక ఓడలు రెండు మైళ్ళ దూరానే లంగరు వేసేవి. దిగే జనాన్నీ బస్తాలనూ పడవల మీద రేవుకు చేర్చడం మా పాలెం వాళ్ళ పని. ఓడకూ ఒడ్డుకూ మధ్య సన్నని లోతైన దారి ఒక్కటే ఉండేది. దానికి అటూ ఇటూ బురదమేటలు. పోటు వచ్చిందంటే అంతా ఒకటే నీరు, ఏది దారో ఏది మేటో కంటికి తెలియదు. పైగా ప్రతి పున్నమికీ అమావాస్యకీ ఆ దారి పక్కకు జరిగేది. అందుకని ఆటుకు నీరు దిగి బురద బయటపడగానే ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో నడిచి వెళ్ళి, పాదంతో తడిమి చూసి, దారి పొడవునా గెడలు పాతేవారు. మగవాళ్ళు ఆ గెడలను నమ్ముకుని పడవ నడిపేవారు.

అన్నిటికంటే దూరాన, దారి వంపు తిరిగే చోట పాతేది తొలిగెడ. దానికి ఎర్రగుడ్డ కట్టేవారు. ఎర్రగుడ్డ కంటబడగానే ఓడ నడిపే సారంగు ఒక కూత కూయించేవాడు. అది ఆ గెడ పాతిన మనిషికి చేసే మర్యాద. తొలిగెడ పాతే హక్కు ఓలేటి ఎర్రమ్మ గారిది. ఆవిడ కొడుకులు పోలయ్య, సింహాద్రి ఇద్దరిదీ ఒకే పడవ. ఇద్దరు కోడళ్ళు, నూకాలు, లోవమ్మ.

మోకాళ్ళ నొప్పులతో ఎర్రమ్మ బురదలో దిగలేకపోయిన ఏడు, తొలిగెడ పెద్దకోడలికే వస్తుందని ఊరంతా అనుకున్నది. నూకాలు పన్నెండేళ్ళు అత్త వెనకాలే నడిచి గెడలు మోసిన మనిషి. ఎర్రమ్మ మాత్రం గెడను తీసుకెళ్ళి, కాపురానికి వచ్చి రెండేళ్ళు నిండని లోవమ్మ చేతిలో పెట్టింది. అడుగు వేస్తూనే కింద దారి ఎటు తిరిగిందో లోవమ్మకు తెలిసిపోయేది, అదీ కారణం. కారణం ఏదైతేనేం, నూకాలుకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

అప్పటినుంచి ఓడ కూసినప్పుడల్లా రొయ్యలు ఒలుస్తున్న నూకాలు చెయ్యి ఆగిపోయేది. "అదుగో, ఓడ మీ చిన్నమ్మిని పిలుస్తోంది" అని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు. నూకాలు నవ్వేది. నవ్వి, లోపలికి పోయి కుండలు దబదబా సర్దేది. మా ఇంటి ఆవిడే అయినా దాచను, అది పచ్చి అసూయ. ఆ కూత చెవిన పడితే ఆవిడకు అన్నం సయించేది కాదు.

ఒక మాఘపౌర్ణమి ఉదయం ఆటులో లోవమ్మ తొలిగెడ పాతి ఇంటికి వచ్చింది. వెనకాలే నూకాలు పీతలకని బుట్ట పట్టుకుని వెళ్ళి, ఆ గెడ పీకి, ఇరవై అడుగులు మేట మీదికి జరిపి పాతింది. ఎవరినీ చంపాలని కాదు. ఓడ ఎప్పుడూ ఆటు ముగిసేలోగానే వచ్చేది. ఆటులో పడవ మేట ఎక్కితే బురదలో కదలకుండా కూర్చుంటుంది, జనం కాళ్ళకు బురద పూసుకుని నడిచి వస్తారు, లోవమ్మను నాలుగు తిడతారు, గెడ తన చేతికి వస్తుంది. ఆవిడ లెక్క ఇంతే.

ఆరోజు ఓడ ఆలస్యమైంది. వచ్చేసరికి మధ్యాహ్నం దాటి పోటు మొదలైంది, తూర్పుగాలి లేచింది. పోటులో మేట ఎక్కిన పడవను వెనకనుంచి కెరటం ముంచేస్తుంది. ఆ పడవలో అన్నదమ్ములిద్దరూ, పద్దెనిమిదిమంది జనమూ, కూతురి పురుడు చూసి అదే ఓడలో తిరిగి వస్తున్న ఎర్రమ్మా ఉన్నారు.

పోటు ఎక్కడం నూకాలు చూసింది. కూత వినబడగానే రొయ్యల గంప తన్నేసి, మేటల మీదుగా తొలిగెడ వైపు నీళ్ళలోకి పరుగెత్తింది. మోకాలి లోతు, నడుము లోతు. ఎలాగో గెడ పీకింది గాని, దాని అసలు చోట పాతబోతే నిలవలేదు. నీటి ఉరవడికి ఆవిడే కొట్టుకుపోతున్నది. "తల్లీ, గంగమ్మా, నా తప్పు వాళ్ళమీద వెయ్యకు" అని ఏడ్చింది. అప్పుడు పాదం కింద రాయి తగిలింది. ఈ అఖాతంలో ఎంత తవ్వినా గులకరాయి కూడా దొరకదు. అయినా తగిలింది. నూకాలు దానిమీద ఎక్కి, గెడను గుండెకు ఆనించుకుని నిటారుగా నిలబడింది. నీరు మెడదాకా వచ్చింది. ఇక పట్టు తప్పుతుందనగా వెనకనుంచి రెండు చేతులు నడుము చుట్టి పట్టుకున్నాయి. లోవమ్మ! ఆవిడా వెనకాలే పరుగెత్తి వచ్చింది.

"నేనే జరిపానే లోవా. ఆ కూత నీకు దక్కడం చూడలేకపోయాను."

"తెలుసక్కా. బురదలో గెడ దాకా వెళ్ళిన నీ అడుగులు పొద్దుటే చూశాను."

"చూసి చెప్పలేదా?"

"చెప్పలేదు. అత్త నువ్వు వండిన పులుసే తింటుంది, నేను వండితే కంచం పక్కకు జరుపుతుంది. నీ పని బయటపడితే నీ చేతి కూడు ముట్టదని ఊరుకున్నాను. నాదీ నీ బుద్ధేనక్కా."

ఇద్దరూ వెక్కి వెక్కి ఏడుస్తూనే గెడను పట్టుకుని నిలబడ్డారు. పడవ ఎర్రగుడ్డ పక్కనుంచి, బారెడు దూరంలో, సుఖంగా దారిలోకి మలుపు తిరిగింది. నీళ్ళమీద రెండు తలలే కనిపిస్తున్న కోడళ్ళను చూసి ఎర్రమ్మ, "ఇద్దరూ ఇక్కడుంటే పొయ్యి దగ్గర ఎవరు చచ్చారే!" అని కేకవేసింది. సింహాద్రి తాడు విసిరి ఇద్దరినీ పైకి లాగాడు. దూరాన ఓడనుంచి అంతా చూసిన సారంగు ఆరోజు రెండు కూతలు కూయించాడు.

జరిగింది కోడళ్ళు అత్తకు చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం కునుకులో ఎర్రమ్మకు ఎర్రచీర కట్టిన ఒకావిడ కనిపించి, "నీ కోడళ్ళు నా నెత్తిమీద నిలబడి నిజం చెప్పుకున్నారు. నాకు గుడి వద్దు, గెడ చాలు. ఒకరిని చూసి ఒకరు ఓర్వలేనివాళ్ళను నా దగ్గరికి జంటగా పంపు" అన్నది. ఆటు దిగాక వెళ్ళి చూస్తే బురదలో నల్లరాయి నిలబడి ఉన్నది. తొలిగెడ హక్కు నాటినుంచి ఇద్దరిదీ అయింది.

పొగఓడలు పోయాయి. దారి పూడి సన్నని పాయ అయింది, ఒడ్డే జరిగి జరిగి అమ్మవారి దగ్గరికి వచ్చింది. ఆచారం మాత్రం మానలేదు. ప్రతి మాఘపౌర్ణమికి, ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు ఆడవాళ్ళు పాయలో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒకే గెడ పట్టుకుంటారు. డప్పులు గట్టిగా మోగిస్తారు, వాళ్ళ మాట మూడోవాళ్ళకు వినబడకూడదని. నిన్ను చూస్తే నాకు ఇందుకు కడుపుమంట అని ఒకరికొకరు చెప్పుకోవాలి. బదులు చెప్పకూడదు, నవ్వకూడదు. తరువాత గెడ పాతి, ఇద్దరూ కలిసి ఒకే కుండలో చేపల పులుసు వండి పంచుతారు, అదే ప్రసాదం. మోటారు బోట్ల వాళ్ళు రెండుసార్లు హారను కొడతారు. అమ్మవారు సంతానం ఇస్తుందా, ఉద్యోగం ఇస్తుందా అంటే నేను చెప్పలేను. ఆరోజు ఇంటికెళ్ళి కడుపునిండా తింటారు, అంతమట్టుకు హామీ. పక్క ఊరి ధర్మకర్త భార్యగారు వస్తానంటే ఆ ముఖద్వారం సంగతి మాట్లాడుకోవడానికి నేను సిద్ధమే.

నిరుడు నేను మా తోడికోడలితో నిలబడ్డాను. ఆమె దస్తూరీ చక్కనిది. నేను రాసే కరపత్రాలన్నీ ఆమే సాఫుగా ఎత్తిరాస్తుంది, ఊరంతా వాటిని ఆమె రాసిందనే మెచ్చుకుంటుంది. అదే చెప్పాను. ఆమెది ఆమె చెప్పింది. అది ఇక్కడ రాయను. ఈ పుస్తకాన్ని కూడా ఆమే ఎత్తిరాసి ప్రెస్సుకు ఇస్తుంది. ఈ నాలుగు మాటలు మీరు చదువుతున్నారంటే, ఆమె వీటిని కొట్టివేయలేదన్నమాట.