నూకాలు చూపించిన చేను

అనగనగా ఒక వీధి. ఊరంతా ఎందుకులెండి, మన కథకి ఆ వీధి చాలు. అందులో మూడు అద్దకం ఇళ్ళు, మూడు రంగుల కుండలు. ఒకరిది ఎరుపు, ఒకరిది పసుపు, ఒకరిది నీలం. ఒకరి కుండలో ఇంకొకరి చుక్క పడిందంటే కుండెడు రంగూ పారబోయాల్సిందే. మూడు తరాలుగా ఆ ఇళ్ళ మధ్య మాటలు కూడా లేవు. రంగులు కలవకూడదు సరే, మనుషులకేమొచ్చిందో!

ఆ మూడిళ్ళకీ నీళ్ళు మోసేది నూకాలు. ఏటి ఇసకలో చెలమ తవ్వి, కడవ నింపి, నెత్తిన పెట్టుకొని మోసేది.

ఒకప్పుడు మూడేళ్ళు వానల్లేవు. గడ్డి లేదు, ఆకు లేదు, నారు లేదు. అప్పుడే నూకాలు కూతురు పైడమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. అంబలి పోస్తే వద్దంది. గంజి పోస్తే వద్దంది. బెల్లం ముక్క పెట్టినా వద్దంది. నారు పోసిన చేను కళ్ళారా చూస్తేగాని ముద్ద దిగదంది. కడుపుతో ఉన్నదాని కోరిక మరి. తిండి లేకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. నూకాలు గుండె నీరైపోయింది.

ఒకరోజు పైడమ్మ తల్లి చీర చెరగు పట్టుకొని వదల్లేదు. దానినిండా మూడిళ్ళ రంగు మరకలే. నీలం చుక్క మీద పసుపు చుక్క పడినచోట వేలిగోరంత ఆకుపచ్చ.

"అమ్మా, ఇది నారుమడే" అంది.

ఆ మరకనే చూస్తూ ఒక్క ముద్ద తింది. ఒక్కటే. మరక చిన్నది మరి.

నూకాలు తన పాత తెల్లచీర తీసుకొని పరిగెత్తింది. నీలమింటాయన ముంచి ఇచ్చాడు. పసుపింటి వీరయ్య మాత్రం కుండకి అడ్డం నిలబడ్డాడు.

"నీలిబట్ట నా కుండలో పెడతావా? నా కుండ గతేం కాను?"

"కుండ పాడైతే బతికినన్నాళ్ళూ మీ ఇంటికి ఊరికే నీళ్ళు మోస్తాను బాబూ. నా కూతురు ముద్ద ముట్టట్లేదు."

వీరయ్య పక్కకి జరిగాడు. నూకాలు ఒకసారి ముంచింది. రెండోసారి ముంచింది. మూడోసారి ముంచి పైకి తీసింది. అబ్బ, ఏం చెప్పను! చీర పొడుగునా నారుమడి. కొసనుంచి కారే చుక్క కూడా ఆకుపచ్చే. వీరయ్య కుండ సంగతే మరిచిపోయి రెండో కొస పట్టుకున్నాడు. నీలమింటాయన కూడా పరిగెత్తుకొచ్చి నడుమ పట్టుకున్నాడు. ముగ్గురూ చీరని చాపి వీధి పొడుగునా పరుగో పరుగు.

గుమ్మంలో పైడమ్మ ఆ చేను చూసింది. అంబలి తాగింది. గంజి తాగింది. బెల్లం ముక్క అడిగి మరీ తింది.

ఎర్రింటాయన ఉడుక్కున్నాడు. తన ఎరుపు ఏం పాపం చేసిందని అడిగాడు. సరే, దాన్నీ కలిపారు. ఎరుపు పసుపుతో కలిసి మోదుగుపూవైంది, నీలంతో కలిసి వంకాయైంది. ఆ సంబరంలో మాటలు లేవన్న సంగతి ఎవరికి గుర్తుంది?

పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఆ చీరతోనే ఉయ్యాల కట్టారు. వానా వచ్చింది, రాక ఎక్కడికి పోతుంది. చాలా ఏళ్ళకి నూకాలు కన్నుమూస్తే, ఆమె నీళ్ళు మోసిన మూడిళ్ళవాళ్ళూ ఆమె పాడె మోశారు.

ఇప్పటికీ ఆ వీధిలో నీలిబట్టని పసుపు కుండలో పెట్టేముందు ఎంతటివాడైనా కాస్త ఆగుతాడు. "నూకాలూ, చేను చూపించు" అంటాడు. మూడుసార్లు ముంచి పైకి తీస్తాడు.

చూపిస్తుంది. చూపించకేం, కన్నతల్లి కదా.