నల్లరాతి మీద పేర్లు

"విషం అమ్మినవాడి సొమ్ముతో చేసిన మంచిపనికి పుణ్యం దక్కుతుందా, స్వామీ?" అని అడిగాడు భూషణరావు. అతను వెలిచర్ల పురపాలక సంఘానికి చైర్మన్. పరాంకుశ యోగికి ఇరవై ఏళ్లుగా శిష్యుడు.

వెలిచర్ల చుట్టూ రాతి క్వారీలు. నడుంనొప్పికని ఒక కంపెనీ అమ్మిన మాత్రలకు అక్కడి కూలీలు బానిసలయ్యారు. ఏడేళ్లలో నలభై ఒక్కమంది పోయారు. కోర్టు ఆ కంపెనీ చేత పరిహారం కట్టించి, మిగిలినవాళ్లనైనా ఆ అలవాటు నుంచి బయటపడేయమని సొమ్మును పురపాలక సంఘానికి అప్పగించింది. సభ్యులంతా కూర్చుని ఆలోచించి బస్టాండు ఎదుట నల్లరాతి స్తూపం కట్టించారు. పోయినవాళ్ల పేర్లు దాని మీద చెక్కించారు. చుట్టూ పార్కు, మధ్యలో ఫౌంటెను.

"ఆవిష్కరణకు ఆ ఇళ్లవాళ్లను పిలవాలిగా. నువ్వే వెళ్లి పిలిచిరా. నడిచి వెళ్లు," అన్నాడు యోగి.

మొదటి ఇల్లు పోలమ్మది. ఆమె పెద్దకొడుకు పేరు రాతి మీద ఉంది. భూషణరావు ఆహ్వానం చేతికిచ్చి, అక్షరాలకు బంగారు రంగు వేయించామనీ, మంత్రిగారు వస్తున్నారనీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. లోపల మంచం మీద చిన్నకొడుకు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని వణుకుతున్నాడు. మాత్ర దొరక్క రెండు రోజులైందట. మాన్పిస్తారని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తే, మంచాలు ఖాళీ లేవని తిప్పి పంపారట.

"పేర్ల కింద చోటేమన్నా మిగిలిందా, బాబూ?" అని అడిగింది పోలమ్మ.

"ఎందుకమ్మా?"

ఆమె మంచం వైపు చూసింది. "అన్నదమ్ములు కదా. ఒకేచోట ఉంటే బాగుంటది."

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది భూషణరావుకి. రెండో ఇంటికి అతని కాళ్లు సాగలేదు. మిగిలిన ఆహ్వానాలు చేతిలో ఉండగానే తిరిగివచ్చి యోగి ముందు కూలబడ్డాడు.

"తప్పు చేశాం స్వామీ. వచ్చిందంతా రాతికే పోసేశాం. పరిహారంలో రెండో విడత వచ్చే ఏడాది అందుతుంది. అందగానే ముందు ఆసుపత్రే కట్టిస్తాను."

యోగి అతని చేతిలో మిగిలిన ఆహ్వానాల వైపు చూశాడు.

"మంచిది," అన్నాడు. "అప్పటిదాకా ఆగమని ఆ కుర్రాడితో చెప్పి వచ్చావా?"