కొంగదొర ఒంటికాలి పరీక్ష

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఓ మోతుబరి రైతు దొడ్డిలో కోడిపిల్లలకి బడి ఉండేది. బడంటే గోడలూ బల్లలూ అనుకునేరు, నెత్తిన ఆకాశం, కాళ్ల కింద పేడదిబ్బ, అంతే. నడిపేది మాణిక్యమ్మ అనే పెట్ట. ఏది గింజో ఏది గులకరాయో నేర్పేది. అన్నిటికన్నా ముందు, టీచరు ‘కిర్ర్’మంటే ముక్కున ఉన్నది వదిలేసి తుమ్మకంప కంచెలోకి దూరడం నేర్పేది.

అంత నేర్పినా కిందటి వారం గద్ద ఓ పిల్లని తన్నుకుపోయింది. ఆనాటి నుంచి మాణిక్యమ్మకి కంటి మీద కునుకు లేదు. దొడ్డికి పెద్ద అయిన కామయ్య ఎద్దు దగ్గరికి పరిగెత్తింది.

“మావయ్యా, ఆ బండ్ల సావిడి ఖాళీగానే ఉందిగా. బడికి ఇప్పించవూ? పైన కప్పుంటే నా పిల్లలు బతికిపోతారు.”

ఎద్దు తీరిగ్గా నెమరేసి, “ఇవ్వడానికేముంది అమ్మాయ్? కానీ మంచి బడికే ఇవ్వాలని పెద్దల తీర్మానం. మంచిదో కాదో తేల్చడానికి చలిదేశం నుంచి కొంగదొర వస్తున్నాడు. బళ్లు కొలవడంలో ఘనుడట” అన్నాడు.

“బడిని కొలుస్తాడా? జానలతోనా, మానికలతోనా?”

“నాకేం తెలుసు! ఆయన పాసన్నాడంటే సావిడి నీదే.”

కొంగదొర దిగనే దిగాడు. పేడదిబ్బని ఓ చూపు చూసి ముక్కు పైకెత్తాడు.

“మా సరస్సులో పసిపిల్లల చదువుకి ఒకటే కొలత. నీళ్లలో ఒంటికాలి మీద, కిక్కురుమనకుండా నిలబడాలి. గురువునే చూడాలి, గురువు చేసిందే చెయ్యాలి. పరీక్షనాడు గురువుని నేనే.”

“నీళ్లలోనా! కోడిపిల్లలు బాబూ, మునిగి చస్తారు!”

“సరే, మీ స్థానిక పరిస్థితుల దృష్ట్యా నీళ్లు మినహాయిస్తున్నాను” అన్నాడు దొర, పెద్ద మనసుతో. “కాలు మాత్రం ఒకటే.”

“మరి గింజ ఏరడం? కంచెలోకి ఉరకడం?”

“అవి మా కొలతలో లేవు.”

మాణిక్యమ్మకి ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తుంది పాపం, సావిడి కప్పు కళ్ల ముందు కదులుతోంది! మర్నాటి నుంచి గింజలూ లేవు, పురుగులూ లేవు. పొద్దస్తమానం ఒంటికాలే.

“టీచర్, కాలు పీకుతోంది” అంది బుల్లెమ్మ అనే పిల్ల.

“పీకనీ.”

“గద్దొస్తేనో?”

“పరీక్షలోకి గద్దెందుకొస్తుందే! నోరు మూసుకుని దొరగారినే చూడు. ఆయన కదిలితే కదులు, నేను పిలిచినా సరే కదలకు.”

అనడమైతే అంది గానీ, ఆ పూటంతా మాణిక్యమ్మ ఆకాశం వంకే చూస్తూ కూచుంది.

పరీక్షరోజు వచ్చింది. పేడ కనబడకుండా బంతిపూలు చల్లారు. దొర మధ్యలో ఒంటికాలి మీద నిలబడి కళ్లు అరమోడ్చాడు. ఎదురుగా పిల్లలందరూ ఒంటికాలి మీదే, బొమ్మల్లా.

ఇంతలో నేల మీద ఓ నీడ గిర్రున తిరిగింది. మాణిక్యమ్మ తలెత్తి చూసింది.

“కిర్ర్!”

ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు.

“గద్దర్రా! మీకు పుణ్యముంటుంది, ఉరకండర్రా!”

“కదలకండి, ఇదీ పరీక్షే” అని గుసగుసలాడింది బుల్లెమ్మ.

“నిశ్శబ్దం!” అన్నాడు దొర, కళ్లు తెరవకుండానే. “పిల్లలు భేషుగ్గా ఉన్నారు. టీచరే గోల చేస్తోంది.”

అయ్యో, చేజేతులా చేసుకున్నానే అనుకుంది మాణిక్యమ్మ. వీళ్లు నా మాట వినరు, ఈయన కదిలితేనే కదులుతారు! ఆ ఊహ రావడమే తడవు, ఒక్క ఉరుకున వెళ్లి దొరగారి ఆ ఒక్క కాలినీ కసిదీరా పొడిచింది. దొర కెవ్వుమన్నాడు. పిల్లలూ కెవ్వుమన్నారు. ఇంకో పోటు పొడిచేసరికి దొర రెక్కలు టపటపలాడించుకుంటూ పోయి కంచెలోకి తలదూర్చాడు. వెనకే పిల్లలూ టపటపలాడించుకుంటూ దూరిపోయారు.

గద్ద రివ్వున వాలింది. దాని గోళ్లకి నాలుగు బంతిపూలు దక్కాయి.

ఎద్దు కంచె దగ్గరికొచ్చి వంగి చూశాడు. “దొరగారూ, ఇందులో ఉన్నారేమిటి? ఇంతకీ పాసా, ఫెయిలా?”

ఫెయిలంటే తను కంపలో ఎందుకున్నాడో చెప్పుకోవాలి. దొర ఈకల్లోంచి ముళ్లు పీక్కుంటూ, “పాసే! గురువు చేసినట్టే చేశారు. కంపలో దూరడమన్నది మా కొలతలో కొత్తగా చేర్చిన అంశం” అన్నాడు.

“కెవ్వుమనడమో?”

“అదీను.”

మాణిక్యమ్మ వెంటనే పిల్లల్ని సావిడిలోకి తోలింది. అందరినీ రెక్కల కిందికి లాక్కుని ఏడ్చింది. ఆ తర్వాత, “ఇకనుంచి ఒంటికాలి మీద నిలబడితే ఆ కాలు విరగ్గొడతాను” అంది.

కొంగదొర కుంటుకుంటూ కాలవ గట్టున ఉన్న బాతుల బడికి వెళ్లాడు. “పిల్లలూ, అదిగో తుమ్మకంప! దూరండి చూద్దాం!”

“గురువు చేసిందే చెయ్యాలట కదండీ. ముందు తమరు దూరండి” అంది ముసలి బాతు, మహా వినయంగా.

దొర దూరాడు. బాతుపిల్లలు పకపకా నవ్వుతూ బుడుంగుమని కాలవలోకి దూకారు. దొరకి బయటికొచ్చే దారి దొరకలేదు. ముళ్ల మధ్య నుంచే పేరు పేరునా అందరికీ సున్నాలు వేస్తున్నాడు.

పిల్లలు బతికే చోటు ఎరగని కొలబద్ద, తన్ను పట్టుకొచ్చినవాడి తెలివినే కొలుస్తుంది.